పొరుగు ఋణం

మనిషికి బంధువులను జన్మ ఇస్తుంది. స్నేహితులను అతడు తానే ఎంచుకొంటాడు. ఇరుగుపొరుగు ఈ రెండింటిలో దేనికీ చెందదు. పక్క ఇంట్లో ఎవరుండాలో నిర్ణయించే అధికారం ఎవరికీ లేదు. ఉన్నవారిని కాదనుకొనే వీలు కూడా అంతగా లేదు. అయినా అర్ధరాత్రి ఇంట్లో పసిబిడ్డకు జ్వరం హెచ్చితే ముందుగా తట్టేది ఆ తలుపునే. రక్తసంబంధం లేక, ఇష్టపడి చేసుకొన్న ఒడంబడిక లేక, కేవలం ఒక గోడ ఉమ్మడిగా ఉన్నందువల్ల ఒక మనిషికి మరొక మనిషిపై ఏర్పడే ఈ హక్కు ఎటువంటిది? ఆ హక్కుకు ఎదురుగా నిలిచే బాధ్యతకు హద్దు ఎక్కడ? రాజధర్మం గురించీ, పుత్రధర్మం గురించీ, మిత్రధర్మం గురించీ మన గ్రంథాలు విస్తారంగా చర్చించాయి. పొరుగుధర్మం గురించి అవి చెప్పినది స్వల్పం. నిత్యజీవితంలో మాత్రం మనుషులు ఎక్కువసార్లు ఎదుర్కొనేది ఈ ధర్మాన్నే.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి స్థిరమైన పల్లె కంటె రైలు పట్టణం అనువైన చోటు. పల్లెలో పొరుగువారు తరతరాలుగా ఒకరికొకరు తెలిసినవారు. అక్కడ పొరుగు అనే బంధం భూమితో, కులంతో, వరుసలతో పెనవేసుకొని ఉంటుంది కనుక, ఏ సాయం దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పడం కష్టం. రైలు పట్టణంలో ఆ ముడులు చాలావరకు విడిపోతాయి. పక్కింటివారెవరో క్వార్టరు కేటాయింపు ఉత్తర్వు నిర్ణయిస్తుంది. వారు ఎన్నాళ్ళుంటారో బదిలీ ఉత్తర్వు నిర్ణయిస్తుంది. అటువంటి చోట కూడా ఇరుగుపొరుగు అనే బంధం వేళ్ళూనుకొన్నదంటే, అది వేరే దేని నీడనో పెరిగిన మొక్క కాదని, దానికి తనదైన మూలం ఉన్నదని అంగీకరించవలసి ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ అటువంటి పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూర్ నుండి ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా వేసిన మార్గం 1891లో ఆసన్‌సోల్ వరకు పూర్తయింది. ఆ మార్గంలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా రూపొందింది. తెలుగువారికి ఈ ఊరితో సంబంధం కలిగించినది కూడా ఆ కంపెనీయే. తూర్పు తీరం వెంట విజయవాడ నుండి కటక్ వరకు 1893, 1896 మధ్య నిర్మించిన మార్గంలోని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో విలీనమైంది. దానితో వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే యజమాని కింద పనిచేసే ఊళ్ళయ్యాయి. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర నుండి ఛత్తీస్‌గఢ్‌కు దగ్గరి దారి ఏర్పడింది. 1944లో కంపెనీ ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది. 1955లో ఆగ్నేయ రైల్వే అవతరించింది. 2003లో వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్ళగా, బిలాస్‌పూర్ కొత్తగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. అంటే వంద సంవత్సరాలపాటు ఈ రెండు ఊళ్ళు ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయి. ఆ నూరేళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్‌గా, గుమాస్తాలుగా, పట్టాలపై పనిచేసే గాంగ్‌మెన్‌గా ఎందరో బిలాస్‌పూర్ చేరుకొన్నారు. కొందరికి రైల్వే క్వార్టర్లు లభించాయి. లభించనివారు, పదవీ విరమణ తరువాత సొంత ఊరికి తిరిగి వెళ్ళలేనివారు దయాల్‌బంద్ వంటి పేటలలో ఇళ్ళు అద్దెకు తీసుకొన్నారు. ఒక తలుపు వెనుక తెలుగు, మరొక తలుపు వెనుక ఛత్తీస్‌గఢీ, ఇంకొక చోట బెంగాలీ, పంజాబీ, ఒడియా వినిపించే వీధులలో వారి పిల్లలు పెరిగారు.

రైలు ఉద్యోగి ఇంటి జీవితానికి సూర్యోదయ సూర్యాస్తమయాలతో నిమిత్తం లేదు. ఆవిరి ఇంజన్ల కాలం నుండి చాలాకాలంపాటు డ్రైవర్లను, గార్డులను డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ అనే ఉద్యోగి పుస్తకం చేతపట్టుకొని ఇంటింటికీ తిరిగేవాడు. అర్ధరాత్రి రెండు గంటలకు అతడు తలుపు తడితే ఆ చప్పుడు ఒక్క ఇంటికే పరిమితం కాదు. వరుసలో ఉన్న నాలుగు ఇళ్ళకూ ఎవరి యజమాని బయలుదేరాడో తెలిసేది. మరునాడు ఆ ఇంట్లో ఇల్లాలు, పిల్లలు మాత్రమే ఉంటారని, రన్నింగ్ రూమ్‌లో విశ్రాంతి తీసుకొని ఆయన తిరిగి రావడానికి ఎంతో కొంత ఆలస్యం తప్పదని, ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. పిల్లవాడిని బడికి పంపడం, రేషను తేవడం, కుళాయి వదిలే వేళకు బిందె పెట్టడం ఆ తెలిసినవారి పనులయ్యేవి. పురుడు వచ్చిన ఇంటికి పథ్యపు కూర పక్కింటి నుండి వచ్చేది. వేసవిలో ఆవకాయ కలిపిన రోజున చిన్న జాడీ ఒకటి గోడ దాటేది. బదులుగా ఛత్తీస్‌గఢీ ఇంటి నుండి బియ్యపు పిండితో పోసిన చీలా, పండుగనాటి ఠేఠ్రీ, ఖుర్మీ వచ్చేవి. వరుస కలపడానికి బంధుత్వం అవసరం లేకపోయింది. ఒకరికి పిన్నిగారు అయిన ఆమె మరొకరికి మౌసీ. ఒక ఇంటి వదినగారు పక్క ఇంటికి భాభీ.

ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలుకు ఏ పేరు పెట్టాలి? దానం అనడానికి వీలులేదు. దానంలో ఇచ్చేవాని చేయి పైన, పుచ్చుకొనేవాని చేయి కింద ఉంటుంది. పొరుగువారి మధ్య ఆ ఎత్తుపల్లాలను ఎవరూ సహించరు. అప్పు అనడానికీ వీలులేదు. అప్పుకు పత్రం, వడ్డీ, గడువు ఉంటాయి. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఒకటి ఉంది: చేబదులు. గిన్నెడు పంచదార, నెలాఖరున వంద రూపాయలు, పెళ్ళికి వెళ్ళడానికి ఒక మంచి చీర చేబదులుగా తెచ్చుకోవచ్చు. తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంది, రాతకోతలు లేవు. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. పక్కింటి నుండి కూర వచ్చిన గిన్నెను తెలుగు ఇల్లాలు వెంటనే కడిగి వట్టిదిగా తిరిగి పంపదు. అందులో ఏదో ఒకటి పెట్టి పంపుతుంది. దానివల్ల మొదటి లెక్క తీరి, రెండవ లెక్క మొదలవుతుంది. లెక్కను సరిగ్గా సమానం చేసి ముగించడం ఇక్కడ మర్యాద కాదు. అణాపైసలతో సహా బాకీ తీర్చివేయడం అంటే ఇకపై నీతో నాకు పని లేదని చెప్పడమే. పొరుగు బంధం నిలిచేది లెక్క ఎప్పుడూ కొంత మిగిలి ఉండడం వల్ల.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు విధాలుగా విభజించాడు: ప్రయోజనం కోసం చేసేది, సుఖం కోసం చేసేది, గుణాన్ని గౌరవించి చేసేది. మొదటి రెండూ వాటి కారణం తొలగగానే తొలగిపోతాయని, మూడవదే నిలుస్తుందని ఆయన అభిప్రాయం. పొరుగు బంధాన్ని పైపైన చూస్తే అది మొదటి రకంలో చేరుతుందనిపిస్తుంది. కాని ప్రయోజనం కోసం స్నేహం చేసేవాడు తనకు పనికివచ్చేవానిని వెతికి పట్టుకొంటాడు. పొరుగువాడు వెతికి తెచ్చుకొన్నవాడు కాదు. అతడు పనికివచ్చేవాడా కాదా అన్న విచారణ జరగక ముందే అతని ఇంట్లో పొయ్యి వెలగలేదన్న సంగతి గోడకు ఇవతల తెలిసిపోతుంది. తెలిసిన తరువాత తెలియనట్లు ఉండడం సాధ్యమే గాని, అది నిర్దోషమైన స్థితి కాదు. పొరుగు బాధ్యతకు మూలం ఇక్కడ ఉంది. అది పుట్టుక నుండి గాని, ఎంపిక నుండి గాని రాదు. తెలియడం నుండి వస్తుంది.

ప్రాచీన ధర్మకర్తలకు ఈ విషయం తెలియకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నగర పాలనను వివరించే సందర్భంలో, అగ్నిప్రమాదం జరిగినప్పుడు మంటలు ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి పన్నెండు పణాలు, అద్దెకు ఉండేవానికి ఆరు పణాలు జరిమానా విధించింది. శుభకార్యానికి ఇరవైమందిని పిలిచి, అర్హులైన పక్కింటివారిని, ఆ పక్కింటివారిని విస్మరించిన విప్రునికి మనుస్మృతి ఒక మాషం జరిమానా నిర్ణయించింది. ఆపదలో పరుగెత్తకపోవడం, వేడుకలో పిలవకపోవడం రెండూ శిక్షార్హమైన తప్పులుగా భావించిన సమాజం అది. అయితే అర్థశాస్త్రం చేసిన తేడా ఆలోచింపజేస్తుంది. అద్దెకు ఉండేవాని బాధ్యత సొంత ఇంటివాని బాధ్యతలో సగమని ఆ లెక్క సారాంశం. ఎక్కువ కాలం ఉండేవానికి, ఎక్కువ ఆస్తి ఉన్నవానికి ఎక్కువ బాధ్యత అనడంలో పరిపాలకుని దృష్టికి న్యాయం కనిపిస్తుంది. మరి ఊరంతా అద్దెవారే అయినప్పుడు? రైల్వే కాలనీలో చీఫ్ ఇంజనీరు నుండి గాంగ్‌మన్ వరకు ఎవరికీ ఇల్లు సొంతం కాదు. కౌటిల్యుని లెక్క ప్రకారం అక్కడ అందరూ సగం పొరుగువారే కావాలి. వాస్తవంలో అలా జరగలేదు. తాము ఎక్కువకాలం ఉండబోమన్న ఎరుకే వారిని త్వరగా దగ్గర చేసింది. చుట్టాలు దూరాన ఉన్నవారికి పక్కింటివారితో పరిచయాన్ని వాయిదా వేసే తీరిక ఉండదు.

కాని ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. చేబదులు తిరిగి ఇవ్వవలసినదని అనుకొన్నాం. బదిలీల ఊరిలో ఇచ్చినవారు తిరిగి పుచ్చుకొనేదాకా ఉండరు. పురిటి సమయంలో పదిహేను రోజులు వంట చేసిపెట్టిన ఆమె, ఆ ఋణం తీర్చే అవకాశం రాకముందే భర్తతోపాటు మరొక డివిజనుకు వెళ్ళిపోతుంది. ఆమె కుమార్తె పురిటికి వంట చేయడానికి ఈమె అక్కడ ఉండదు. అప్పుడు ఆ ఋణం ఏమవుతుంది? చెల్లని నోటులా చించివేయవలసినదేనా? లేక జీవితాంతం మోయవలసిన భారమా?

ఈ ప్రశ్నకు అతి తీవ్రమైన రూపం బిలాస్‌పూర్‌కు సంబంధించిన ఒక కవితలోనే ఉండడం విశేషం. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో ప్రచురించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కథాకవిత ఉంది. ఆ మాటకు మోసం అని అర్థం. దీర్ఘవ్యాధితో బాధపడుతున్న బిను అనే యువతిని గాలి మార్పు కోసం భర్త రైలులో తీసుకువెళతాడు. బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరు గంటలు నిరీక్షించవలసి వస్తుంది. ఇంటి నాలుగు గోడల మధ్య జబ్బుతో గడిపిన బినుకు ఆ ప్రయాణంలో కనిపించినదల్లా ఆనందమే. స్టేషనులో ఒక కూలీ భార్య రుక్మిణి ఆమెకు పరిచయమవుతుంది. ఆమె కష్టసుఖాలు విన్న బిను, కూతురి పెళ్ళికి కావలసిన ఇరవై అయిదు రూపాయలు ఇవ్వమని భర్తను కోరుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత సొమ్ము ఎందుకని అతడు రుక్మిణిని చాటుకు పిలిచి, గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. మొత్తం ఇచ్చానని భార్యకు చెబుతాడు. రెండు నెలల తరువాత బిను కన్నుమూస్తుంది. ఆ రెండు నెలలు తన జీవితంలో నిండుగా గడిచాయన్న తృప్తితో, భర్త పట్ల కృతజ్ఞతతో ఆమె వెళ్ళిపోతుంది. ఆ కృతజ్ఞతే అతనికి భరించరానిదవుతుంది. బాకీ పడిన సొమ్ము చెల్లించాలని అతడు బిలాస్‌పూర్‌కు తిరిగి వస్తాడు. రుక్మిణి లేదు. ఆమె ఎక్కడికి వెళ్ళిందో చెప్పగలవారు లేరు.

ఈ కథలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది: పొరుగువారు కావడానికి ఎన్ని సంవత్సరాలు అవసరం? బినుకు, రుక్మిణికి ఆరు గంటలు చాలాయి. భాష, హోదా, ఊరు వేరైన ఆ ఇద్దరు స్త్రీల నడుమ ఒకరి కష్టం మరొకరికి తెలిసింది. అంతటితో సంబంధం ఏర్పడింది. భర్తకు రుక్మిణి అపరిచితురాలు, బినుకు కాదు. అతడు పరిచయాన్ని కాలంతో కొలిచాడు, ఆమె వినడంతో కొలిచింది. రెండవది: అతని దోషం రెండు రూపాయలే ఇవ్వడంలో లేదు. ఇవ్వలేనని భార్యతో చెప్పి ఉంటే అది భిన్నాభిప్రాయం అయ్యేది. ఆమె వాదించేది, అలిగేది, బహుశా ఒప్పుకొనేది. తీరని లెక్కను తీరినట్లు చూపడం అతని దోషం. పొరుగువారి విషయంలో లోకం తరచుగా చేసే మోసం కూడా ఇదే. చందా ఇచ్చి, పరామర్శకు ఒక నిమిషం నిలబడి, మన వంతు అయిపోయిందని లెక్క మూసివేయడంలో ఆ రెండు రూపాయల గలగల వినిపిస్తుంది.

రుక్మిణి దొరకనప్పుడు ఆ భర్త ఏమి చేయాలి? కవిత అతనిని అక్కడే వదిలివేసింది. కాని భారతీయ చింతనలో అతనికి ఒక దారి ఉంది. మనిషి మూడు ఋణాలతో పుడతాడని వైదిక సంప్రదాయం చెబుతుంది: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగవదానిని చేర్చింది; అది మనుష్యఋణం. సాటి మనుషులకు ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి దానిని తీర్చుకోవాలని ఆ గ్రంథం చెబుతుంది. ఈ ఋణాలన్నిటికీ ఒక సమాన లక్షణం ఉంది. వీటిని ఇచ్చినవారికే తిరిగి చెల్లించనవసరం లేదు. ఋషుల ఋణం చదువుకోవడం వల్ల తీరుతుంది. ఆ చదువు తరువాతి తరానికి అందుతుంది. తల్లిదండ్రుల ఋణం సంతానం వల్ల తీరుతుంది. తల్లి పాలకు బదులు తల్లికి పాలు పట్టలేం, బిడ్డకు పడతాం. అంటే ఇవి వెనక్కు ప్రవహించే ఋణాలు కావు, ముందుకు సాగేవి. పొరుగు ఋణం కూడా ఈ వరుసలోనిదే. దానిని తీర్చవలసినది వెళ్ళిపోయినవారికి కాదు, ఆ ఖాళీ అయిన ఇంట్లోకి సామాను దింపుకొంటున్న కొత్తవారికి.

ఈ సిద్ధాంతాన్ని ఏ గ్రంథమూ చదవకుండానే రైలు పట్టణం ఆచరించింది. కొత్తగా బదిలీపై వచ్చిన కుటుంబానికి మొదటిరోజు పొయ్యి వెలిగించవలసిన అవసరం లేకుండా పక్కింటివారు భోజనం పంపడం ఆ వీధుల మర్యాద. ఆ పంపినవారు తాము వచ్చిన మొదటి రోజున తిన్న అన్నానికి బదులు తీరుస్తున్నారు. ఆ అన్నం పెట్టినవారు ఏ చక్రధర్‌పూర్‌లోనో, ఏ ఖరగ్‌పూర్‌లోనో ఉంటారు. అక్కడ వారి పక్కింటివారు వారికి పెడుతుంటారు. ఇద్దరి మధ్య తీరని లెక్క పట్టాల వెంట ఊరినుండి ఊరికి సాగిపోతుంది. బదిలీ వల్ల తెగిపోతుందనుకొన్న బంధం బదిలీ వల్లనే విస్తరించింది.

తెలుగువారు చేరిన ఛత్తీస్‌గఢ్ నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. అక్కడ ఇద్దరు వ్యక్తులు నియమపూర్వకంగా స్నేహం కట్టుకొనే ఆచారం ఉంది. ఆ స్నేహితుని మితాన్ అని, స్త్రీ అయితే మితానిన్ అని పిలుస్తారు. మహాప్రసాదం, గంగాజలం, శ్రావణంలో మొలకెత్తించే భోజలీ వంటి వాటిని ఇచ్చిపుచ్చుకొని కలుపుకొనే ఈ మైత్రి కులం ఎల్లలను దాటుతుంది. ఇరు కుటుంబాలు దానిని బంధుత్వంతో సమానంగా పాటిస్తాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో నేస్తం కట్టే ఆచారం ఎరిగిన వలసదారులకు ఇది సులభంగా అర్థమైంది. పుష్య పూర్ణిమనాడు జరిపే ఛేర్‌ఛేరా పండుగ మరొక పాఠం చెబుతుంది. కోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరిన ఆ రోజున ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడుగుతారు. కలిగినవారు, లేనివారు అన్న భేదం లేకుండా అడుగుతారు, ఇస్తారు. ఏడాదికి ఒకరోజైనా ప్రతివాడూ చేయి చాచవలసి రావడంలో లోతైన వివేకం ఉంది. ఇవ్వడం మాత్రమే తెలిసి అడగడం తెలియనివాడు మంచి దాత కావచ్చు, మంచి పొరుగువాడు కాలేడు. తెలుగువారి వాయనంలో కూడా ఇచ్చిన ఆమెతో పాటు పుచ్చుకొన్న ఆమె సైతం నోరు తెరిచి చెప్పాలి. పుచ్చుకోవడం కూడా ఒక క్రియ అని ఆ సంప్రదాయం గుర్తించింది. దయాల్‌బంద్‌లోని గురుద్వారాలో, అన్ని గురుద్వారాలలో వలెనే, లంగరు పంక్తిలో కూర్చున్నవారు తమ పళ్ళెంలోని రొట్టె ఎవరి సొమ్మో విచారించరు. ఈనాడు తిన్నవాడు రేపు వడ్డిస్తాడు.

పొరుగు బంధంలోని ఈ శక్తిని ప్రభుత్వం గుర్తించిన ఉదాహరణ కూడా ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఆ రాష్ట్రం 2002లో గ్రామీణ ఆరోగ్యం కోసం మితానిన్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రతి పల్లెపాడులో ఆ ఊరి స్త్రీనే ఒకరిని ఎన్నుకొని, శిక్షణ ఇచ్చి, ఇరుగుపొరుగు ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండే బాధ్యతను అప్పగించారు. 60,000కు పైగా స్త్రీలు అందులో భాగస్వాములయ్యారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద దేశమంతటా ఆశా కార్యకర్తల వ్యవస్థ రూపుదిద్దుకోవడానికి ఆ అనుభవం తోడ్పడింది. ఆరోగ్య కార్యకర్తకు హోదాను సూచించే పేరు కాక, నేస్తురాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. గర్భిణి ఏ ఇంట్లో ఉంది, ఏ బిడ్డ చిక్కిపోతున్నాడు అన్నది కార్యాలయానికి నివేదిక ద్వారా తెలుస్తుంది. పక్కింటామెకు చూపు ద్వారా తెలుస్తుంది. పరిపాలన ఆ చూపును సృష్టించలేదు. ఉన్నచోట దానికి మందుల పెట్టె, శిక్షణ, గౌరవ పారితోషికం సమకూర్చగలదు. అంతకుమించి ఆశించి, తాను చేయవలసిన పనిని పొరుగువారి మంచితనానికి అప్పగిస్తే మాత్రం అది మరొక ఫాంకి అవుతుంది. చేబదులు ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాదు.

పొరుగు బంధాన్ని ఆదర్శంగా చిత్రించే సందర్భంలో దాని చీకటి కోణాలను దాచడం కూడా తగదు. అన్నీ తెలిసిన పొరుగు ఆదుకొంటుంది. అదే పొరుగు కనిపెట్టుకొని ఉంటుంది, వ్యాఖ్యానిస్తుంది, ఒక్కొక్కప్పుడు ఆడపిల్ల చదువును, ఒంటరి స్త్రీ మనుగడను దుర్భరం చేస్తుంది. రెండవది, ఇంతవరకు చెప్పిన వంట, పురుడు, పథ్యం, పిల్లల సంరక్షణ అంతా స్త్రీల శ్రమ. పురుషులు ఉదారులని పేరు పొందిన ఇళ్ళలో ఆ ఔదార్యాన్ని పొయ్యి ముందు కూర్చొని మోసినది ఎవరో లెక్కించాలి. మూడవది, రైల్వే కాలనీలలో ఇంటి తరగతిని జీతం నిర్ణయించింది కనుక కులాల మధ్య గోడలు కొంత పలుచబడిన మాట నిజమే. అయినా పారిశుద్ధ్య కార్మికుల నివాసాలు ఊరి అంచున విడిగా ఉండిపోయిన కాలనీలు అనేకం. గోడ ఉమ్మడిగా ఉన్నవారే పొరుగువారైతే, గోడను ఎక్కడ కట్టాలో నిర్ణయించినవారు పొరుగును కూడా ముందే నిర్ణయించారన్నమాట. చూడకుండా ఉండే వీలు కల్పించుకోవడమే బాధ్యత తప్పించుకోవడానికి అన్నిటికంటె పాత ఉపాయం.

ఈ బంధానికి కఠిన పరీక్షలు కూడా ఎదురయ్యాయి. 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగింది. సమ్మె చేసినవారు, చేయనివారు ఒకే వరుస ఇళ్ళలో ఉన్నారు. అరెస్టులు జరిగాయి, అనేకచోట్ల సమ్మెదారుల కుటుంబాలను క్వార్టర్ల నుండి ఖాళీ చేయించారు. అటువంటి వేళ, డ్యూటీకి వెళ్ళే మనిషి ఇంటి నుండి జైలులో ఉన్న మనిషి ఇంటికి బియ్యం పంపవచ్చునా? పంపితే పుచ్చుకోవచ్చునా? మిత్రధర్మం, వర్గధర్మం ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెబుతాయి. పొరుగుధర్మం మరొకటి చెబుతుంది. స్నేహానికి అభిప్రాయాల ఏకత కావాలి, సంఘానికి ఆశయాల ఏకత కావాలి. పొరుగుకు అవి రెండూ అవసరం లేదు. వాదనలో ఓడించవలసినవాని బిడ్డ కూడా ఆకలితో నిద్రపోరాదన్నదే దాని కనీస నియమం. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయినప్పుడు వచ్చిన పరీక్ష వేరు. అప్పుడు దగ్గరికి వెళ్ళడమే ప్రమాదమైంది. కొన్ని చోట్ల జబ్బుపడిన ఇంటిని వెలివేశారు. కొన్ని చోట్ల గుమ్మం ముందు అన్నం గిన్నె పెట్టి, తలుపు తట్టి, దూరంగా జరిగి నిలుచున్నారు. ఆ రెండింటి మధ్య భేదం కేవలం ధైర్యం కాదు. రెండవవారు ఎడం పాటిస్తూనే చూపు మరల్చలేదు.

నేడు బిలాస్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, విదేశాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. విరమణ పొందినవారిలో కొందరు విశాఖకు, విజయనగరానికి తిరిగి వెళ్ళారు. కాల్‌బాయ్ పిలుపు స్థానంలో చేతిఫోను వచ్చింది. పాత వరుస ఇళ్ళవారు ఇప్పుడు ఆ ఫోనులోనే కలుసుకొంటున్నారు. వంటలు, మందులు, పెళ్ళి సంబంధాలు, మరణవార్తలు అందులోనే పంచుకొంటున్నారు. ఎన్నడూ ఒకే వీధిలో ఉండని వారు సైతం ఆ విధంగా ఒకరి ఇంటి సంగతులు ఒకరు తెలుసుకొని ఆదుకొంటున్నారు. వీరిని పొరుగువారనవచ్చునా? బాధ్యతకు మూలం గోడ కాక తెలియడమే అయితే అనవచ్చు. కాని ఒక భేదాన్ని విస్మరించరాదు. వీధిలో ఉన్న పొరుగువానికి కష్టం చెప్పనవసరం లేదు. వెలగని పొయ్యి, తెరవని తలుపు, ఆరవేయని బట్టలు చెబుతాయి. దూరాన ఉన్నవారికి చెబితేనే తెలుస్తుంది. చెప్పదలచుకొన్నదే తెలుస్తుంది. అందువల్ల దూరపు పొరుగులో అభిమానవంతుడు అందరికంటె ఒంటరివాడు. అక్కడ అడగడం నేర్చుకొన్నవాడికే సాయం అందుతుంది; సాయం చేయగోరేవాడు మాటలలో లేనిదాన్ని మౌనంలో వినడం నేర్చుకోవాలి. అదే సమయంలో దూరాన ఉన్న వందమంది యోగక్షేమాలు తెలిసినవానికి, ఎదురు వాటాలోని వృద్ధుని పేరు తెలియకపోవడం అరుదు కాదు. ఒక ఋణం తీర్చుతూ ఉన్నామన్న తృప్తి మరొక ఋణాన్ని కనబడకుండా చేయగలదు.

విజయనగరం వాసి గురజాడ అప్పారావు 1910 నాటి తన 'దేశభక్తి' గీతంలో పొరుగువానికి చేసే సాయాన్ని దేశాన్ని ప్రేమించడంలో భాగంగా నిలిపారు. అందులో ఆయన సర్వస్వం త్యాగం చేయమనలేదు. సొంత లాభంలో కొంత తగ్గించుకొంటే చాలునన్నారు. ఆ పరిమితిలోనే ఆ ఆదేశం బలం ఉంది. సర్వస్వ త్యాగం మహాత్ములకు సాధ్యం, అదీ అరుదుగా. కొంత అనేది గాంగ్‌మన్‌కు, గుమాస్తాకు, నెలాఖరున పంచదార డబ్బా అడుగంటిన ఇల్లాలికి కూడా సాధ్యం. పొరుగు ఋణం పెద్ద మొత్తాలలో ఎవరినీ అడగదు. ఆ కొంతను ఎవరికి చెల్లించాలన్న ప్రశ్నకు మాత్రం ఒకే సమాధానం ఉంది. మనకు ఇచ్చినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో తెలియకపోవచ్చు. రుక్మిణి ఎప్పటికీ దొరకకపోవచ్చు. పక్క వాటాలో నిన్న సాయంత్రం దిగినవారు మాత్రం అక్కడే ఉన్నారు. వారికి ఇంకా పాలవాడు కుదరలేదు.